మిగతా పంతొమ్మిది పూటలు

ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు నిండినవాళ్లలో నూటికి 98 మంది మాంసాహారులు. 2014 నాటి శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టం బేస్‌లైన్ సర్వేలో వచ్చిన లెక్క ఇది. పాయింట్లతో సహా చెప్పాలంటే 98.25 శాతం. అదే రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 60 మందికి రక్తహీనత ఉందని 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లందరినీ కలిపితే 58.8 శాతం. 2015–16 నాటి సర్వేలో అది 60. ఇన్నేళ్లలో తగ్గింది 1.2 పాయింట్లే.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, తిండి గురించి మన ఇళ్లలో ఎప్పటినుంచో నలుగుతున్న వాదన ఒకటి నిలబడదు. ముక్క తింటేనే ఒంటికి రక్తం పడుతుందని ఒకరంటారు. పప్పూ ఆకుకూరలూ తినేవాళ్లకు ఏ జబ్బూ దరిచేరదని మరొకరంటారు. నూటికి 98 మంది ముక్క తినే చోట సగానికి పైగా ఆడపిల్లలకు రక్తం చాలడం లేదంటే, మనం వెతకాల్సింది వేరేచోట.

గోదావరి డెల్టాలో ఈ చిక్కు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2023–24లో దేశం మొత్తం మీద ఉత్పత్తయిన గుడ్లు సుమారు 14,277 కోట్లు. అందులో 17.85 శాతం ఆంధ్రప్రదేశ్‌వి. రాష్ట్రాలన్నిటిలో మనదే మొదటి స్థానం. జనాభా 5.3 కోట్లనుకుని భాగిస్తే మనిషికి ఏడాదికి 480 గుడ్లు వస్తాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తినమని చెప్పేది 180. గుడ్ల సమన్వయ కమిటీ రోజూ ప్రకటించే ధరల పట్టికలో ఈస్ట్ గోదావరికి ఒక వరుస, వెస్ట్ గోదావరికి ఒక వరుస విడిగా ఉంటాయి. తణుకు, అనపర్తి ఫారాల స్థాయి అది. భీమవరం, ఆకివీడు చెరువుల చేపలు ఐసులో సర్దుకుని బెంగాల్ దాకా పోతాయి. రొయ్యలు సముద్రం దాటతాయి. రావులపాలెం అరటి, కోనసీమ కొబ్బరి సరేసరి. పంటకు కొదవలేని నేల ఇది. పండినదాంట్లో ఎంత, ఏ పూట, ఎవరి కంచంలోకి వస్తోందన్నదే ప్రశ్న.

21లో రెండు

ముందుగా ఆ 98.25 సంగతి తేల్చుకోవాలి. మాంసం, చేప, గుడ్డు తినే అలవాటు ఉందా లేదా అన్నది మాత్రమే అది చెబుతుంది. ఎన్నాళ్లకొకసారి తింటారో చెప్పదు.

డెల్టాలో ఒక మామూలు ఇల్లు తీసుకోండి. ఆదివారం ముక్క వండుతారు. సోమవారం శివుడికి, శనివారం వేంకటేశ్వరస్వామికి అని నీచు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. కార్తీకంలో 30 రోజులు మానేసేవాళ్లున్నారు. ఇంట్లో కుర్రాడు అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు. వారానికి 21 పూటలు. ఆదివారం మధ్యాహ్నం వండిన కూరే రాత్రికీ వస్తే రెండు పూటలు మాంసాహారం. మిగతా 19 పూటలు ఆ ఇల్లు శాకాహారమే తింటోంది. ఎక్కడైనా బుధవారం ఒక గుడ్డుకూర, శుక్రవారం ఒక చేపల పులుసు కలిసినా, లెక్క నాలుగైదు పూటలకు మించదు.

నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. తరతరాలుగా ముక్క ముట్టని ఇంట్లో ఆ 21 పూటలకూ ఒక పద్ధతి ఏర్పడి ఉంటుంది: ఒక పప్పు, ఒక కూర, ఒక పచ్చడి, చివర పెరుగు. ముద్దపప్పు లేకపోతే భోజనం కాదనుకుంటారు. మాంసాహారుల ఇంట్లో ఆదివారానికి ఉన్న శ్రద్ధ మంగళవారానికి ఉండదు. నీచు లేని రోజున పప్పుచారుతోనో, ఆవకాయతోనో, ఏదో ఒక వేపుడుతోనో సరిపెట్టేస్తారు. ఆ వేపుడు బంగాళాదుంపదైతే అన్నంలోకి మళ్లీ పిండిపదార్థమే కలిపి తిన్నట్టు. పేరుకు మాంసాహారి, పూటల లెక్కన శాకాహారి, ఆ శాకాహారం కూడా అరకొర.

అన్నం వాటా

సన్నబియ్యం వంద గ్రాములకు 356 కిలోక్యాలరీల శక్తి, 8 గ్రాములకు కాస్త తక్కువ ప్రోటీన్, 0.65 మిల్లీగ్రాముల ఇనుము. ఇవి జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలోవి. పూటకు 150 గ్రాముల బియ్యం చొప్పున రెండు పూటలు తినే అమ్మాయికి అన్నం నుంచి వచ్చేది 1,070 కిలోక్యాలరీలు, 24 గ్రాముల ప్రోటీన్, 2 మిల్లీగ్రాముల ఇనుము. శక్తి రోజు అవసరంలో సగం దాటింది. ప్రోటీన్ కూడా సగం వచ్చింది. ఇనుము మాత్రం వచ్చీ రానట్టే. ఇందులో ఉదయం ఇడ్లీ, దోసె, ఉప్మా లెక్క కలపలేదు.

2024 మే నెలలో ఆ సంస్థ భారతీయుల కోసం విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాల్లో, ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదని ఉంది. ఇప్పుడు దేశంలో అది 50 నుంచి 70 శాతం. పప్పులు, మాంసం, చేపలు అన్నీ కలిపి ఇస్తున్నది 6 నుంచి 9 శాతం. ఉండాల్సింది 15 దాకా. రోజుకు 2,000 కిలోక్యాలరీలు కావాల్సిన మనిషి కంచం ఎలా ఉండాలో కూడా గ్రాముల్లో చెప్పారు: ధాన్యాలు 250, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, పల్లీలు నువ్వుల వంటివి 35, నూనె నెయ్యి 27, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. ఒకసారి ఇంట్లో తూకం వేసి చూడండి. 85 గ్రాముల పప్పు అంటే మనలో చాలామంది ఇళ్లలో ముగ్గురికి వండే పప్పు. 400 గ్రాముల కూరగాయలంటే ఒక్కరే దాదాపు అరకిలో కూర తినాలి. మన కంచంలో అన్నం రాశి, దాని అంచున కూర. మార్గదర్శకాలు దాన్ని దాదాపు తిరగేయమంటున్నాయి.

శక్తి ఎక్కువై, పోషణ తక్కువైన శరీరం ఎలా ఉంటుందో 2015–16, 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో ఉండాల్సిన దానికంటే తక్కువ బరువున్నవాళ్లు 17.6 నుంచి 14.8 శాతానికి తగ్గారు. అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్లు 33.2 నుంచి 36.3కి పెరిగారు. రక్తహీనత మాత్రం ఉన్నచోటే ఉంది. బక్కపలచని పిల్లకే రక్తం తక్కువనుకునే రోజులు పోయాయి. చూడటానికి పుష్టిగా ఉన్న అమ్మాయి కూడా మెట్లెక్కితే ఆయాసపడుతోంది.

తెల్ల బియ్యం పాత కథ

డెల్టాకీ బియ్యానికీ ఉన్న బంధం ఇంత గట్టిపడటానికి ఒక చరిత్ర ఉంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847–1852 మధ్య. 1830ల కరువు చూసిన నేల, ఆ తర్వాత లక్షల ఎకరాల్లో వరి పండే నేల అయింది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925లో వరి పరిశోధనా కేంద్రం వచ్చింది. దేశమంతా పండించిన స్వర్ణ అనే ఎం.టి.యు. 7029 రకం అక్కడిదే.

ఆకలి తీరింది. కానీ మరబియ్యం వచ్చాక ఇంకో ముప్పు వచ్చింది. ఉత్తర సర్కారులని అప్పట్లో పిలిచిన కోస్తా జిల్లాల్లో బెరిబెరి జబ్బు పాతుకుపోయింది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపులు, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. తమిళ జిల్లాల్లో కూడా బియ్యమే తిండి. అక్కడ ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లను ఉడకబెట్టి ఆరబోసి దంచితే, పైపొరలోని బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఇక్కడ పచ్చి వడ్లనే మరలో ఆడించి, తెల్లగా పాలిష్ పట్టి, బాగా కడిగి, గంజి వార్చి తినేవారు. విటమిన్ కొంత తవుడుతో గేదెల కుడితిలోకి, కొంత కడుగునీళ్లతో దొడ్లోకి, మిగిలింది గంజితో బయటికి పోయేది. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు చిన్న కేంద్రం మొదలుపెట్టారు. అదే పెరిగి 1958లో హైదరాబాద్‌కు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఈ వ్యాసంలో ఇప్పటిదాకా చెప్పిన అంకెల్లో సగం ఇచ్చిన సంస్థ పుట్టుక వెనుక మన తెల్ల అన్నంలాంటి అన్నమే ఉంది.

అప్పటి పెద్దలకు తిండి తెలియదనలేం. దంపుడు బియ్యం బలమని ప్రతి ముసలమ్మకూ తెలుసు. తెల్లన్నం పరువైంది, దంపుళ్లు కష్టం, మర చవక. తెలిసినదానికీ తిన్నదానికీ మధ్య ఇన్ని అడ్డొచ్చాయి.

మూడు కంచాలు

తిండి నాణ్యతను కొలవడానికి ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ ఒక తేలికైన పద్ధతి చెప్పింది. ఆహారాన్ని పది గుంపులు చేశారు: ధాన్యాలూ దుంపలూ, పప్పులు, పల్లీలూ గింజలూ, పాలూ పెరుగూ, మాంసమూ చేపలూ, గుడ్లు, ముదురాకుపచ్చ ఆకుకూరలు, విటమిన్ ఎ ఎక్కువున్న కూరగాయలూ పండ్లూ, ఇతర కూరగాయలు, ఇతర పండ్లు. ఒక రోజులో కనీసం ఐదు గుంపుల నుంచి తినాలి. తాళింపులో వేసినంత, నంజుకున్నంత లెక్కలోకి రాదు. 15 గ్రాములైనా ఉండాలి. 15–49 ఏళ్ల ఆడవాళ్ల కోసం చేసిన కొలత ఇది, కానీ ఎవరి కంచానికైనా పెట్టి చూసుకోవచ్చు. నేను మూడు ఊహా కంచాలకు పెట్టి చూశాను. మనుషులు కల్పితమే గానీ, ఇవి డెల్టాలో రోజూ కనిపించే తిళ్లే.

మొదటిది అమలాపురంలో డిగ్రీ చదివే శాకాహారి అమ్మాయిది. ఉదయం ఇడ్లీ, పల్లీ పచ్చడి. మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, కంద బచ్చలి, పెరుగు. సాయంత్రం ఒక జామకాయ. రాత్రి అన్నం, వంకాయ కూర, మజ్జిగ. ధాన్యం, పప్పు, పల్లీలు, పాలు, ఆకుకూర, ఇతర కూరగాయ, ఇతర పండు: ఏడు గుంపులు.

రెండోది ప్రైవేటు హాస్టల్లో ఉండి బీటెక్ చదివే మాంసాహారి కుర్రాడిది. ఉదయం పూరీ, బంగాళాదుంప కూర. మధ్యాహ్నం అన్నం, పప్పు బద్ద కంటికి ఆనని సాంబారు, ఊరగాయ. సాయంత్రం నూడుల్స్, కూల్‌డ్రింక్. రాత్రి చికెన్ బిర్యానీ, పక్కన ఉల్లిపాయ ముక్కలు. పూరీ, బంగాళాదుంప, అన్నం, నూడుల్స్, బిర్యానీ అన్నం అన్నీ ఒకే గుంపు. కోడి రెండోది. ఉల్లిపాయ మూడోది. అంతే, మూడు. పర్సులోంచి ఎక్కువ డబ్బు పోయిన కంచం ఇదే. పావు లీటరు కోలాలో 26 గ్రాముల దాకా పంచదార ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రోజుకు ఇంతలోపు ఉంటే మేలన్నది 25 గ్రాములు.

మూడోది అంతర్వేది వైపు చేపలు పట్టే కుటుంబంలోని అమ్మాయిది. పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, కవళ్ల పులుసు. రాత్రి అన్నం, బెండకాయ వేపుడు. ధాన్యం, చేప, ఇతర కూరగాయ: మళ్లీ మూడే. కానీ ఈ మూడుకూ బీటెక్ కుర్రాడి మూడుకూ తేడా ఉంది. యాభై గ్రాముల కవళ్లు రెండు రోజులకు సరిపడే బి12 ఇస్తాయి. ముల్లుతో సహా నమిలితే కాల్షియం కూడా. ఏడు గుంపులున్న అమలాపురం అమ్మాయికి ఆ బి12 దొరికే దారి ఒక్క పాలూ పెరుగే. మొక్కల నుంచి వచ్చే తిండిలో అది ఉండదు. మనిషికి రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు. పావు లీటరు పాలలో ఒక మైక్రోగ్రాము దాకా ఉంటుంది. ఆ అమ్మాయి మొటిమలొస్తున్నాయనో, లావవుతాననో పాలూ పెరుగూ మానేస్తే ఏడులోంచి ఒక గుంపు పోతుంది, బి12 మొత్తం పోతుంది.

2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, దేశంలోని 10–19 ఏళ్ల పిల్లల్లో బి12 లోపం 31 శాతం మందికి, ఫోలేట్ లోపం 37 శాతం మందికి, ఇనుము లోపం 22 శాతం మందికి కనిపించింది. రక్తహీనత 28 శాతం. కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలకంటే ఇది చాలా తక్కువ, దానికి ఒక కారణం కొలిచే తీరు: ఇందులో నరం నుంచి రక్తం తీశారు, కుటుంబ సర్వేలో వేలిపోటు. కాబట్టి 60 అనే అంకెను తులం తూకంలా పట్టుకోనక్కర్లేదు. వేలిపోటు లెక్క కాస్త ఎక్కువ చూపినా, ఆడపిల్లల్లో రక్తహీనత మగపిల్లలకంటే రెట్టింపని ఈ పోషకాహార సర్వే కూడా చెప్పింది. మందుల షాపులో ఇనుము మాత్ర ఒక్కటే కొనుక్కుంటే చాలదని కూడా ఈ అంకెలే చెబుతున్నాయి.

తెలిసింది ఎంత, పనికొచ్చింది ఎంత

తిండి గురించి బాగా తెలిసినవాళ్లు బాగా తింటారా? ఈ ప్రశ్న మీద వచ్చిన 29 అధ్యయనాలను 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒకచోట పెట్టి చూశారు. 19 అధ్యయనాల్లో జ్ఞానానికీ తిండికీ సంబంధం కనిపించింది, కానీ బలహీనంగా. తెలిసినవాళ్లు కూరగాయలూ పండ్లూ కాస్త ఎక్కువ తింటున్నారు, అంతే.

మన కాలేజీ పిల్లలకు మాటలు తెలియక కాదు. ప్రోటీన్, క్యాలరీ, కార్బ్స్, డైట్ అన్నీ వాళ్ల నోట్లో నానుతున్నవే. జిమ్‌కు వెళ్లే కుర్రాడికి ఒక స్కూపు పొడిలో 24 గ్రాముల ప్రోటీన్ అని తెలుసు. తన ఒంటికి రోజుకు ఎంత కావాలో అడగండి. బరువు కిలోకు 0.83 గ్రాములు, 65 కిలోల కుర్రాడికి 54 గ్రాములు, 55 కిలోల అమ్మాయికి 46. అన్నం నుంచి 24 వస్తుందని పైన చూశాం. 60 గ్రాముల కందిపప్పులో 13, ఒక గ్లాసు పెరుగులో 6, ఒక గుడ్డులో 6. కలిపితే 49. అమ్మాయి లెక్క దాటింది, కుర్రాడికి ఇంకో గుడ్డు తింటే చాలు. బియ్యం ప్రోటీన్‌లో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది; ధాన్యం మూడు పాళ్లు, పప్పు ఒక పాలు, పాలు రెండున్నర పాళ్లుగా తింటే శాకాహారికి కూడా ప్రోటీన్ నాణ్యత సరిపోతుందని పోషకాహార సంస్థ చెబుతుంది. పప్పన్నం పెరుగన్నం అన్న మన పాత భోజనం ఈ నిష్పత్తికి దగ్గరే, పప్పు కాస్త చిక్కగా ఉంటే. కండల కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దని 2024 మార్గదర్శకాల్లో విడిగా రాశారు.

పనికొచ్చే తెలివి చాలావరకు ఇలాంటి చిన్న చిన్న సంగతుల్లో ఉంటుంది. టిఫిన్ తిన్న వెంటనే టీ తాగడం మన ఊళ్లలో దాదాపు రివాజు. 1983లో అచ్చయిన ఒక ప్రయోగంలో భోజనంతో పాటు తాగిన టీ ఇనుము ఒంటికి పట్టడాన్ని 64 శాతం, కాఫీ 39 శాతం తగ్గించాయి. కాఫీని భోజనానికి గంట ముందు తాగితే ఆ నష్టం కనిపించలేదు, గంట తర్వాత తాగితే మాత్రం తగ్గలేదు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము నూటికి పది పాళ్లు కూడా ఒంటికి పట్టదు. మాంసంలోని ఇనుము అంతకు రెండు మూడు రెట్లు పడుతుంది. కానీ తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకున్నా, భోజనంతోనే జామముక్క తిన్నా శాకాహార ఇనుము కూడా బాగా పట్టుకుంటుంది. ఉసిరి, జామ రెండింటిలోనూ వంద గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. అమలాపురం అమ్మాయి ఆ జామకాయను సాయంత్రం కాకుండా మధ్యాహ్నం భోజనం చివర తింటే, పైసా ఖర్చు లేకుండా బచ్చలి విలువ పెరుగుతుంది.

తప్పుడు మాట ఎంత చెరుపు చేస్తుందో రేషన్ బియ్యం దగ్గర చూడాలి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజల్లా ఒత్తి, వంద బియ్యపు గింజలకు ఒకటి చొప్పున కలిపిన పోషక బియ్యం చౌకడిపోల్లోకి వచ్చింది. చేటలో పోసి చెరిగేటప్పుడు ఆ గింజ రంగులో, నునుపులో కాస్త తేడాగా కనిపిస్తుంది. కడిగితే కొన్ని పైకి తేలతాయి. ప్లాస్టిక్ బియ్యం అన్న పుకారు ఊరూరా తిరిగింది. దాంతో ఏమైంది? ఓపిగ్గా కూర్చుని, ఒక్కో గింజా ఏరి, చేటలో ఒక మూలకు చేర్చి, కోళ్లకు పారేశారు. కలిపిన ఇనుమంతా ఆ ఏరిన గుప్పెడులోనే ఉంది. నిబంధన ప్రకారం కిలో పోషక బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. అంటే 300 గ్రాములకు తక్కువలో తక్కువ 8.4, మామూలు బియ్యానికి నాలుగు రెట్లు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకుంటేనే అది పూర్తిగా దక్కేది. డెల్టాలో ఇంకో సమస్య కూడా ఉంది: రేషన్ బియ్యం లావని అమ్మేసి సన్నబియ్యం కొనుక్కునే ఇళ్లు తక్కువేం కాదు.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు వైపు ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు కూడా ఇలాగే జరిగింది. చికెన్ అమ్మకాలు పడిపోయాయి, గుడ్డంటే భయపడ్డారు. 70 డిగ్రీల వేడి లోపలిదాకా అందితే ఆ వైరస్ బతకదు. మన ఇళ్లలో కోడికూర, ఉడికించిన గుడ్డు అంతకు మించే ఉడుకుతాయి. పెంపకందారు జాగ్రత్తపడాల్సిన వార్త విని, వండుకు తినేవాళ్లు కూడా గుడ్డు మానేశారు.

32 అనే అంకె

16–18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సు. ఇది ఆ వయసు అమ్మాయిల్లో నూటికి 97 మందికి సరిపోయేలా పెట్టిన అంకె. సగటు అమ్మాయికి అవసరం 18. రెండింటి తేడా తెలియక 32 చూసి బెంబేలెత్తక్కర్లేదు, 18 చూసి ధీమాగా ఉండనూ కూడదు. నెలసరి ఎక్కువగా అయ్యే అమ్మాయి అవసరం 32 వైపే ఉంటుంది.

మంచి శాకాహార కంచాన్ని లెక్కేద్దాం. అన్నం 2 మిల్లీగ్రాములు. 85 గ్రాముల పప్పు 3.3. వంద గ్రాముల తోటకూర 4.6. యాభై గ్రాముల రాగుల జావ 2.3. నువ్వులుండలోని ఇరవై గ్రాముల నువ్వులు 2.8. మొత్తం 15. గుడ్డు కలిపితే 16. ఇంత పద్ధతిగా తిన్నా సగటు అవసరం అంచుదాకా వచ్చాం. సన్నబియ్యం బదులు పోషక బియ్యం వండితే ఇంకో 6 పైన కలిసి 22 దాటుతుంది. కేవలం తిండి మీద నమ్మకంతో మాత్రలు అక్కర్లేదనేవాళ్లు ఈ కూడిక ఒకసారి చేయాలి.

స్కూళ్లలో, అంగన్‌వాడీల్లో 10–19 ఏళ్లవాళ్లకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్ర అందుకే. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి వేసిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో, తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి పోయారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో 1945 నాటికి ఆయన బృందం సాధించిన మందు ఆ జబ్బుకు కూడా పనిచేసింది. భీమవరం ఆడపిల్ల వికారంగా ఉందని నీలం మాత్రను కిటికీలోంచి విసిరేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఖాళీ కడుపుతో కాకుండా అన్నం తిన్నాక వేసుకోవాలని, మలం నల్లగా రావడం మామూలేనని ఎవరైనా నిదానంగా చెబితే, చాలామంది విసిరేయరు.

ఇంట్లో తెలివి ఎవరికున్నా, వడ్డించే వరుస దాన్ని మింగేయవచ్చు. మగవాళ్లు తిన్నాక, పిల్లలు తిన్నాక, చివర కూర్చునే ఆడవాళ్లకు ముక్కలు మిగలవు, పులుసు మిగులుతుంది. అందుకే 98.25 శాతం అన్న అంకె ఆడవాళ్ల విషయంలో ఇంకా పలచబడుతుంది. ఇంటి బయట వడ్డించే తిండి ఈ లోటును కొంత పూడుస్తోంది. ప్రభుత్వ బడుల్లో 2020 జనవరి నుంచి గోరుముద్ద పేరుతో వారానికి ఐదు గుడ్లు, చిక్కీ పెట్టారు, తర్వాత రాగిజావ కలిపారు. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన తల్లి ఆమె. 2025 జనవరిలో ఆ భోజనం ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ వచ్చింది. పదో తరగతితో ఆగిపోయిన గుడ్డు ఇంటర్ దాకా సాగింది. నా దృష్టిలో ఇది ఎన్నో అవగాహన సదస్సులకంటే విలువైన పని.

రాజమండ్రి, భీమవరం, తాడేపల్లిగూడెంలలో ప్రైవేటు హాస్టళ్లలో ఉండే ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలు మాత్రం ఈ పథకాల్లోకి రారు. వాళ్ల 21 పూటలూ మెస్ మెనూ రాసేవాళ్ల చేతిలో ఉన్నాయి. పిల్లల్ని చేర్చడానికి వెళ్లిన తల్లిదండ్రులు ఆదివారం చికెన్ పెడతారా అనే అడుగుతారు. బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేది కూడా అదే. మంగళవారం రాత్రి ఏం పెడతారో అడగండి. వంద మందికి పప్పు ఎన్ని కిలోలు పోస్తారో అడగండి. 85 గ్రాముల లెక్కన రోజుకు ఎనిమిదిన్నర కిలోలు కావాలి, అందులో సగం పోసినా నయమే. ఆకుకూర వారానికి ఎన్నిసార్లు, పెరుగు గడ్డపెరుగా నీళ్ల మజ్జిగా, ముక్క తినని పిల్లకు ఆదివారం చికెన్ బదులు పనీరో, శనగల కూరో ఉందా, ఉత్త బంగాళాదుంప వేపుడేనా అన్నది అడగండి. ఫీజు కట్టే రోజున అడిగిన ప్రశ్నకు మేనేజర్ జవాబు చెప్పి తీరతాడు.